రిమార్కుల గడి

జాబితాలో నలభై మూడు పేర్లు.
పది గంటలకల్లా సంగడిగుంట చేరాలని ఆర్డరు.
నగరంపాలెం ఆఫీసు నించి
ఈశ్వర్ బండి వెనక కూర్చుని వెళ్లాను,
ఒళ్లో ఫైలు, ఫైలు మీద క్యారేజీ.
మార్చి నెల గుంటూరు,
గాలి పీలిస్తే చాలు, ముక్కు కారుతుంది.

మొదటి పేరు పూర్ణచంద్రరావు.
తొంభై శాతం చెవుడని సర్టిఫికెట్.
వెనక నించి పిలిచాను, పలకలేదు.
తలుపు ధడాల్న వేశాను, ఉలకలేదు.
మా పాత సూపరింటెండెంటు నేర్పిన విద్య ఒకటుంది:
అయిదు రూపాయల బిళ్లని గచ్చు మీద జారవిడిచాను.
మెడ తిరగలేదు గానీ
కాలి బొటనవేలు మాత్రం
బిళ్ల దొర్లిన వైపు లేచింది.
నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.
"కాఫీ తాగుతారా మేడం?"
"ఒద్దండీ" అన్నాను, మామూలు గొంతుతోనే.
"పోనీ మజ్జిగ?" అన్నాడు.

అట్లాంటివి పద్దెనిమిది సర్టిఫికెట్లు.
అన్నిటి కిందా ఒకే డాక్టరు, ఒకే పచ్చ సిరా,
ఒకే తేదీ. ఆ తేదీ ఆదివారం.
ఫోన్ చేసి చెప్పాను.
"డాక్టరు సంగతి మన పరిధి కాదమ్మా,
నువ్వు టిక్కులు పెట్టుకుంటూ పో" అన్నారు.

ముప్పై ఒకటో పేరు కొమ్ము దేవసహాయం.
చనిపోయి పదకొండు నెలలు.
చనిపోయాక కూడా ప్రతి ఒకటో తారీఖున
నాలుగు వేలూ తీసుకుంటున్న మనిషి.

సందు చివర రేకుల ఇల్లు.
గుమ్మంలో గోనెపట్టా, పట్టా మీద మిరపకాయల కుప్ప,
కుప్ప వెనక రాహేలమ్మ.
మమ్మల్ని చూసి కూడా
తొడిమలు తుంచే చెయ్యి ఆగలేదు.
"మీ ఆయనేడీ?"
అడగరాని ప్రశ్న. ఫారంలో మొదటి ప్రశ్నే అది.
గోడ మీది ఫొటో కేసి గడ్డం ఎత్తింది.
"మరి డబ్బులెవరు తీసుకుంటున్నారు?"
"నేనే. ఇంకెవరికిస్తారు?"

ముందు తన పేరు మీదే అడిగిందట.
మూడుసార్లు మిషను మీద వేలు పెట్టింది,
మూడుసార్లూ ఎర్ర లైటు.
పాతికేళ్లు తొడిమలు తుంచిన వేలు,
గీతలు కూడా తొడిమలతోపాటే రాలిపోయాయి.
కళ్లు చూపించమన్నారు. కళ్లల్లో శుక్లాలు.
నువ్వు నువ్వేనని కాయితం తెచ్చుకోమన్నారు.
"ఉన్నదాన్ని ఒప్పుకోలేదమ్మా ఆ మిషను,
పోయినాయన్నయితే ఒప్పుకుంది."

సచివాలయం కుర్రాడు హేమంత్
తన వేలు పెట్టి
దేవసహాయాన్ని బతికిస్తున్నాడు.
అందుకు నెలకి అయిదొందలు.
"మంచోడమ్మా" అంది.
"డిసెంబర్లో తీసుకోలా, పండగని."

ఫారంలో గడులు రెండే: అర్హులు, అనర్హులు.
పక్కన రిమార్కుల గడి,
బొటనవేలి గోరంత.

ఇంకోసారి చూద్దామని
ఆమె వేలు నా వేళ్లతో పట్టుకుని
అద్దం మీద అదిమాను. ఎర్ర లైటు.
ఊరికే నా వేలు పెట్టి చూశాను.
పచ్చ.

రాశాను.
మృతి. రికవరీ: 44,000.
అంకెల్లో రాసి
అక్షరాల్లో రాయాల్సిన చోట ఖాళీ ఉంచాను.
అక్షరాలు లేని ఫైలు ట్రెజరీ దాటదు,
వెనక్కి రావడానికి మూడు నెలలు.
మూడు నెలల్లో ఒక కంటికైనా ఆపరేషన్ అవుతుందేమో.
అవదేమో కూడా.

రాత్రి ప్రయాణపు బిల్లు రాసుకుంటున్నాను.
"సంగడిగుంటకి ఆటో, రానూ పోనూ, నూట అరవై."
అరవైకి సున్నా చుట్టాక
ఈశ్వర్ బండి గుర్తొచ్చింది. కొట్టెయ్యలేదు.
కన్ను దురదేస్తే బొటనవేలితో నలుపుకున్నాను.

ఎంతకీ తగ్గని మంట. సబ్బుతో కడిగాను,
మజ్జిగ రాశాను.
ఒంటికన్నుతోనే ఈశ్వర్‌కి ఫోన్ చేశాను:
"ఆ హేమంత్ పేరు ఏ గడిలో రాయాలంటావు?"
"అదేంటండీ ఆ గొంతు, ఏడుస్తున్నారా?"
"లేదయ్యా, మిరపకాయ" అన్నాను.